తప్పుగా పాతిన మైలురాళ్ళు

మా లోయలో గోలీని నేల మీద పెడితే దొర్లిపోకుండా నిలిచే చోటు ఒకే ఒక్కటి, పాత రైలుకట్ట. మిగిలిందంతా ఎక్కడమో దిగడమో. మా ఇల్లూ అంతే. రోడ్డు నుంచి వసారా దాకా ఇరవయ్యారు మెట్లు. పెళ్ళయి వచ్చిన కొత్తలో రెండేసి మెట్ల చొప్పున ఎక్కేదాన్ని. నలభై ఒక్క ఏళ్ళు అలా ఎక్కి దిగాక, ఆ మే నెలలో మొదటిసారి వాటిని లెక్కపెట్టాల్సి వచ్చింది. మా ఆయన ఎల్లిస్‌కి కుడి మోకాలు మార్చారు. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజున చర్చివాళ్ళు నలుగురు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోశారు. మోస్తున్నంతసేపూ "కాస్త ఎడమకి, అదీ, ఇంకాస్త ఎడమకి" అని ఆజ్ఞలిస్తూనే ఉన్నాడు. ముప్పై ఆరేళ్ళు రైల్వేలో గ్యాంగు మేస్త్రీగా చేసిన మనిషి. మోయించుకుంటున్నా మేస్త్రీతనం పోలేదు.

డాక్టరు మాటలు మాత్రం నవ్వులాట కాదు. "రోజుకి రెండు మైళ్ళు నడవాలి. ఎత్తుపల్లాలు లేని నేల మీద. మంచు పడే నాటికి ఎవరి సాయమూ లేకుండా మీ మెట్లు మీరే ఎక్కాలి. లేదంటే మెట్లు లేని ఇల్లు చూసుకోండి," అన్నాడు.

మెట్లు లేని ఇళ్ళు బ్రాంట్‌వుడ్‌లో ఉన్నాయి. ముసలివాళ్ళ కోసం ప్రత్యేకంగా కట్టినవి. వెళ్ళి చూశాం. గోడలు శుభ్రంగా ఉన్నాయి, నీళ్ళు వేడిగా వస్తున్నాయి. కిటికీ తెరిస్తే కార్లు నిలిపే స్థలం, దాని చివర పెద్ద చెత్తడబ్బా. ఎల్లిస్ ఆ కిటికీ దగ్గర కాసేపు నిలబడి, "వెర్నా, ఇక్కడ నది ఎటుంది?" అని అడిగాడు. నది పన్నెండు మైళ్ళ అవతల ఉంది. అయినా పేరు రాయించి వచ్చాం. నాకు అరవై నాలుగేళ్ళు, ఆయన రెండు వందల పౌండ్ల మనిషి. గడ్డకట్టిన మెట్ల మీద ఆయన్ని నేను ఆపలేను.

ఎత్తుపల్లాలు లేని నేల రోడ్డుకి అవతలి పక్కనే ఉంది. కానీ పదమూడేళ్ళ కిందట పట్టాలు పీకేసిన రోజున, ఇక జన్మలో ఆ కట్ట మీద కాలు పెట్టనని ఎల్లిస్ భోజనాల బల్ల మీద గుద్ది మరీ చెప్పాడు. వంటింటి కిటికీలోంచి చూస్తే కట్టా నదీ రెండూ కనబడతాయి. ఆ రోజే తన కుర్చీని కిటికీకి వీపు పెట్టి తిప్పుకున్నాడు. పదమూడేళ్ళూ గోడ మీది క్యాలెండరు చూస్తూ కాఫీ తాగాడు. మా ఊరు సోర్‌వుడ్ నుంచి సొరంగం దాకా ఆ పదకొండు మైళ్ళూ ఆయన గ్యాంగువి. అంతకంటే నొప్పి ఇంకొకటుంది. పట్టాలు పీకిన తుక్కు కాంట్రాక్టరు దగ్గర ఐదు వారాలు కూలికి వెళ్ళినవాళ్ళలో క్లీట్ ఒకడు. ముప్పై ఏళ్ళు ఎల్లిస్ పక్కన సుత్తి పట్టినవాడు, మా పెళ్ళిలో ఆయన పక్కన తోడుపెళ్ళికొడుకుగా నిలబడినవాడు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. చర్చిలో ఒకరు కుడివైపు బెంచీలోనూ ఒకరు ఎడమవైపు బెంచీలోనూ కూర్చుని, ఒకే పాట రెండు వేగాల్లో పాడేవాళ్ళు.

ఎల్లిస్ మోకాలు మార్చిన ఏడాదే కట్టను నడకదారి చేశారు. కంకరపొడి పరిచి చదును చేశారు. ఒక పక్క కొండ, ఒక పక్క లారెల్ నది. ఎక్కడెక్కడివాళ్ళో సైకిళ్ళేసుకుని రావడం మొదలుపెట్టారు. ఆ దారి సంఘానికి పెద్ద మా బడి గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన ఫిలిస్ ఆర్బొగాస్ట్. ఒక మధ్యాహ్నం ఆవిడ చేతిలో పళ్ళు పెట్టి కాల్చిన తీపి రొట్టె పట్టుకుని మా మెట్లెక్కి వచ్చింది.

"ఎల్లిస్, పాత మైలురాళ్ళన్నీ గట్టు కింద నుంచి ఏరించాం. కూత కంబాలు కూడా దొరికాయి. అన్నిటికీ కొత్తగా రంగులేశాం. ఏది ఎక్కడుండాలో నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు చెప్పు?"

"పట్టాల్లేని దారికి మైలురాళ్ళెందుకు పంతులమ్మా? శవానికి గడియారం పెట్టినట్టు."

"అయితే మాకు తోచినట్టు పాతేస్తాం."

"పాతుకోండి. సైకిళ్ళవాళ్ళకి తప్పేదో ఒప్పేదో ఏం తెలిసి చచ్చింది!"

అన్నంత పనీ చేసింది ఫిలిస్. మరుసటి వారం ఎల్లిస్ వసారాలో కూర్చుని, జింకల్ని చూసే దుర్భిణితో కింద రోడ్డు వైపు చూస్తున్నాడు. ఉన్నట్టుండి గావుకేక పెట్టాడు.

"వెర్నా! ఇలా రా! అదేంటది?"

"కంబం."

"ఏం కంబం?"

"నన్నడుగుతావేం? చెప్పాల్సింది నువ్వు."

"కూత కంబమే! రోడ్డు దాటాక పాతారు! అది రోడ్డుకి పావు మైలు ముందుండాలి. దాన్ని చూసి డ్రైవరు కూత వెయ్యాలి. దాటేశాక ఎవడి కోసం కూస్తాడు? కింద పడి చచ్చినవాడి కోసమా?"

"ఇప్పుడు డ్రైవరూ లేడు, రైలూ లేదుగా."

"లేకపోతే మాత్రం!"

చేతికర్ర అందుకున్నాడు. అది మామూలు కర్ర కాదు, మేకులు కొట్టే సుత్తికి ఒకప్పుడు ఉన్న పిడి. మెట్లు దిగడం మొదలుపెట్టాడు. నేను వెనక నుంచి ఆయన బెల్టు పట్టుకున్నాను. ఇరవయ్యారు మెట్లకి పావుగంట. రోడ్డు దాటాం. ఆయన కోపం అంతా ఆ కంబం మీదే ఉంది. కుడికాలు కట్ట మీద పడింది, ఎడమకాలు పడింది. ఆయన గమనించలేదు. నేను గమనించాను. నోరు మూసుకోవడం నా వల్ల కాదని మా చర్చిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ రోజు మాత్రం మూసుకున్నాను.

గ్యాంగులో చేసినవాళ్ళ నడక వేరు. పట్టాల కింద అడ్డంగా పరిచే దిమ్మెల మీద, స్లీపరు మీంచి స్లీపరు మీదికి వేసి వేసి, అడుగులు పొట్టిగా, అన్నీ ఒకే కొలతలో పడతాయి. స్లీపర్లు పోయి పదమూడేళ్ళయినా ఎల్లిస్ అడుగు పెరగలేదు, తరగలేదు. రోడ్డు దగ్గర నుంచి గొణుక్కుంటూ లెక్కపెట్టాడు. ఎనిమిది వందల పన్నెండు దగ్గర ఆగి, జేబులోంచి నీలం సుద్ద తీసి రాతి మీద గీత గీశాడు. ఆ సుద్ద ఆయన జేబులో ఎప్పుడు చేరిందో నాకు తెలియదు.

"ఇక్కడ! అంగుళం ఇటూ లేదు, అటూ లేదు. చెప్పు ఆ పంతులమ్మకి."

తిరిగి మెట్లెక్కడానికి నలభై నిమిషాలు పట్టింది. పదమూడో మెట్టు మీద బకెట్టు బోర్లించి కూర్చోబెట్టాను. చెమటతో తడిసిపోయాడు. తిట్టుకుంటూనే ఉన్నాడు. ఆ మధ్యాహ్నం మాత్రం ఆపరేషన్ అయ్యాక మొదటిసారి, అడిగి మరీ నేను కాల్చిన మెత్తటి బిస్కెట్ రొట్టెలు నాలుగు గ్రేవీలో ముంచుకు తిన్నాడు. అంట్లు తోముతూ నేను లెక్కేసుకున్నాను. వెళ్ళేటప్పుడు ఎనిమిది వందల పన్నెండు, వచ్చేటప్పుడు ఎనిమిది వందల పన్నెండు. అరమైలు. మనిషిని బతిమాలితే ఒక్క అడుగు వెయ్యడు. తప్పు చూపిస్తే అరమైలు నడిచాడు.

మర్నాడు చర్చి వంటింట్లోని ఫోను తీసి క్లీట్‌కి చేశాను. దారి సంఘంలో గునపం సరిగ్గా పట్టగలిగేవాడు అతనొక్కడే.

"నేను, వెర్నాని."

"ఎల్లిస్‌కి ఏమన్నా అయిందా?" అన్నాడు క్లీట్.

"ఏం కాలేదు. ఎప్పటిలాగే తిక్కగా ఉన్నాడు. నువ్వు నాకో పని చేసిపెట్టాలి క్లీట్. మైలురాళ్ళు పాతేది నువ్వేగా? తప్పుగా పాతు."

మోకాలి సంగతీ, మెట్ల సంగతీ, బ్రాంట్‌వుడ్ సంగతీ అన్నీ చెప్పాను. అతను ఊఁ కొడుతూ విన్నాడు.

"మీ ఆయన దగ్గర నేను నేర్చుకున్నదే అది వదినా, సరిగ్గా పాతడం. ఇప్పుడు తప్పుగా పాతమంటే ఈ చేతులు ఒప్పుకోవాలి కదా."

"ఒప్పించు."

"ఎంత తప్పు కావాలి?"

"ఆయనకి ఒళ్ళు మండేంత. పంతులమ్మకి తెలియనంత."

క్లీట్ నవ్వాడు. ఆ నవ్వు విని పదమూడేళ్ళయింది. "నెమ్మదిగా ఒక్కొక్కటే పాతుతా. ఒకదానికంటే ఒకటి దూరంగా. కానీ నా పేరు చెప్పకు వదినా."

"చెబితే వస్తాడా!"

అలా మొదలైంది మా వేసవి. ఒకటో రాయి నలభై అడుగులు ఇవతలే ఉంది. రెండోది సరైన చోటే ఉంది గానీ, అంకె ఉన్న ముఖం నది వైపు తిరిగి ఉంది. "చేపలు చదువుకోడానికా!" అని ఎల్లిస్ కర్రతో దాన్ని కొట్టాడు. తర్వాత ఒక్క నిమిషం దాని మొదట్లోని మట్టిని చూస్తూ నిలబడ్డాడు. నీరసం వచ్చిందేమో అనుకుని మంచినీళ్ళిచ్చాను. మూడోది ఎడమ పక్కకి బదులు కుడి పక్కన ఉంది. ప్రతి రాయి మీదా ఎల్లిస్ నీలం సుద్దతో ఎటు ఎంత జరపాలో రాసి వచ్చేవాడు. వారం తిరిగేసరికి రాయి చెప్పిన చోటికి వచ్చేది. ఆ పైది మాత్రం మళ్ళీ తప్పే. పాపం ఫిలిస్ తలపట్టుకుంది. "మా సంఘంలో ఒక్కరికీ లెక్కలు రావు వెర్నా, నాకు సిగ్గుగా ఉంది," అని నా దగ్గర వాపోతే, దగ్గు వచ్చినట్టు నటించి ముఖం పక్కకి తిప్పుకున్నాను.

జూన్ చివరికి మైళ్ళు దూరమయ్యాయి. రోడ్డు కట్టని దాటే దగ్గరి చోటు దాకా ట్రక్కులో తీసుకెళ్ళి, అక్కడి నుంచి నడిపించేదాన్ని. బుట్టలో మొక్కజొన్న రొట్టె, ఉడికించిన గుడ్లు, సీసాలో చల్లటి తీపి టీ.

ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఇరవై ఎనిమిదేళ్ళు ప్రతి ఉదయం ఆ మనిషికి అన్నం డబ్బా కట్టి గుమ్మం దగ్గర అందించాను. ఆ డబ్బా ఏ చెట్టు కింద తెరిచేవాడో నాకు తెలియదు. ఆడవాళ్ళు పట్టాల మీదికి వెళ్ళేవాళ్ళు కాదు, వెళ్ళాలని నాకు తోచనూ లేదు. ఇప్పుడు చూశాను. మూడో మైలు దగ్గర కొండ నుంచి నీళ్ళు కారే బండ ఉంది. గ్యాంగంతా టోపీలు తడుపుకునే చోటట. నాలుగో మైలు దగ్గర నది వంపు తిరిగి, నీళ్ళు అడుగు దాకా కనిపిస్తాయి. అక్కడ కొంగ ఒకటి మమ్మల్ని చూసి కూడా కదలలేదు. పూల పొదలు రెండు పక్కలా గోడల్లా లేచి ఉన్నాయి. ఇంత అందమైన చోట పనిచేసి వచ్చి, ఎలా గడిచిందని అడిగితే ప్రతి సాయంత్రం "ఆ, మామూలే" అనేవాడు. నాకు నిజంగా ఒళ్ళు మండింది. ఆ వెంటనే, ఆయనతో అలా నడుస్తున్నందుకు చెప్పలేనంత సంతోషమూ వేసింది.

"ఇదిగో, ఇక్కడే," అన్నాడు ఐదో మైలు దగ్గర. "యాభై ఎనిమిదిలో పుచ్చకాయల రైలుపెట్టె బోల్తా పడింది. నదంతా పుచ్చకాయలే. వారం రోజులు గ్యాంగంతా అవే తిన్నాం. క్లీట్‌గాడు పందెం కాసి పదకొండు..."

ఆగిపోయాడు. కర్రతో కంకర కెలికాడు.

"పదకొండు?" అన్నాను.

"పదకొండు ముక్కలు," అని ముందుకి నడిచాడు. పదకొండు కాయలు అనబోయాడని నాకు తెలుసు. ఆ కథ క్లీట్ నోటి నుంచి నేను వంద సార్లు విన్నాను.

ఇంకోసారి, ఎర్ర టోపీ, బిగుతు నిక్కరూ వేసుకున్న పిట్స్‌బర్గ్ అమ్మాయి సైకిలు ఆపింది. "తాతగారూ, సొరంగం ఇంకా ఎంత దూరం?"

"రాయి చూసి నమ్మకు, అది అబద్ధాలకోరు. ఆరు మైళ్ళ మీద నూట పది స్లీపర్లు. అది సరే గానీ, ఇందాక కూత కంబం దాటావు. గంట కొట్టావా?"

"కొట్టాలా?"

"కొట్టాలా అంటావేంటి! రెండు పొడుగు, ఒక పొట్టి, మళ్ళీ ఒక పొడుగు. రోడ్డు మీదివాళ్ళకి నువ్వొస్తున్నట్టు ఎలా తెలుస్తుంది?"

ఆ అమ్మాయి నవ్వి, అక్కడే నిలబడి నాలుగుసార్లు సాధన చేసింది. నాలుగోసారికి ఎల్లిస్ తల ఊపాడు. అది మెచ్చుకోలని ఆ అమ్మాయికి తెలియదు గానీ, ముప్పై ఆరేళ్ళలో గ్యాంగువాళ్ళలో ఎందరికో అది కూడా దక్కలేదు. ఈ సంగతి ఫిలిస్ చెవిన వేశాను. వారం తిరక్కుండా ప్రతి కంబం పక్కనా గంట ఎలా కొట్టాలో రాసిన చిన్న పలక వెలిసింది.

ఆగస్టులో ఎదురుదెబ్బ తగిలింది. ఆరో రాయి దగ్గర వాన తడికి కాలు జారింది. పడలేదు, నేను బెల్టు వదల్లేదు. కానీ మోకాలు మెలి తిరిగి సొరకాయంత అయింది. పది రోజులు మళ్ళీ క్యాలెండరు ముందు కుర్చీలోనే. మాట్లాడితే కసురు, మాట్లాడకపోతే మూలుగు. సరిగ్గా అప్పుడే బ్రాంట్‌వుడ్ నుంచి ఉత్తరం వచ్చింది. నవంబరు ఒకటిన ఇల్లు ఖాళీ అవుతుందట, కావాలో వద్దో అక్టోబరు పదిహేను లోపల చెప్పాలట. సామాన్ల గదిలో చిక్కుడుగింజల సీసాల మధ్య నిలబడి ఏడ్చాను. తర్వాత ముఖం తుడుచుకుని, కావాలి అని రాసి, సంతకం చేసి, కాగితాన్ని నా బైబిల్లో పెట్టాను. అక్కడైతే ఆయన చూడడు. ఆయన బైబిలు వేరే ఉంది.

ఆ ఆదివారం ఫిలిస్ పలకరించడానికి వచ్చి, ఏమీ ఎరగకుండానే మమ్మల్ని కాపాడింది.

"ఏడో రాయి ఎంత అందంగా కుదిరిందో ఎల్లిస్! సరిగ్గా మలుపులో, నది కనబడేలా పెట్టారు."

"మలుపులోనా?" ఎల్లిస్ వెన్ను నిటారైంది. "ఏడో మైలు మలుపులో ఎలా వస్తుంది? మలుపు దాటాక మూడు వందల స్లీపర్లకి కదా వచ్చేది!"

"అందంగా ఉందని..."

"మైలు అందంగా ఉండక్కర్లేదు పంతులమ్మా, మైలుంటే చాలు! వెర్నా, నా బూట్లేవీ?"

సెప్టెంబరులో సీతాఫలం లాంటి గుజ్జుండే అడవి పాపా పళ్ళు రాలాయి. తింటూ నడిచాం, వేళ్ళన్నీ జిగురు. ఎనిమిదోది అయింది, తొమ్మిదోది అయింది, పదోది అయింది. రోజుకి రెండున్నర మైళ్ళ దాకా వచ్చాడు. సైకిళ్ళవాళ్ళు కొందరు ఆయన్ని పేరు పెట్టి పలకరించడం మొదలుపెట్టారు. ఇంటికొచ్చి మెట్ల దగ్గర మాత్రం నా చెయ్యి ఆయన బెల్టు వదలలేదు, ఆయన వదలమనీ అనలేదు. బకెట్టు పదమూడో మెట్టు మీదే ఉంది. అక్టోబరు మొదటి వారంలో గడ్డి మీద తెల్లగా మంచుపొర కనబడింది. బైబిలు తెరిచినప్పుడల్లా ఆ కాగితం చేతికి తగిలేది.

అక్టోబరు పదకొండున ఆఖరి రాయికి బయల్దేరాం. పాత వంతెన దగ్గర ట్రక్కు ఆపి మైలున్నర నడిచాం. ఆకులన్నీ ఎర్రబారి దారి నిండా పడి ఉన్నాయి. ఎల్లిస్ అడుగులు లెక్కపెడుతూ, నేను బుట్ట మోస్తూ. సొరంగం నోరు కనబడింది. దాని పక్కనే పదకొండో రాయి.

ఎల్లిస్ రాయి దగ్గర ఆగాడు. వెనక్కి చూశాడు, ముందుకి చూశాడు. చుట్టూ తిరిగాడు. అంకె ఉన్న ముఖం సరిగ్గా రైలొచ్చే వైపే ఉంది. పక్క సరైనదే. చోటు సరైనదే. సుద్ద తీసిన చెయ్యి అలాగే ఉండిపోయింది. చివరి రాయికి ఈ క్లీట్ ఏం చేశాడు, కొంప ముంచాడే అనుకున్నాను.

సొరంగం పక్క రాతి అరుగు మీద క్లీట్ కూర్చుని ఉన్నాడు. పక్కన ఫ్లాస్కు. రెండు కప్పులు.

ఎల్లిస్ కర్రతో రాతిని ఒకసారి తట్టాడు.

"ఇది సరిగ్గా ఉందేంట్రా?" అన్నాడు ఎల్లిస్.

"విసుగొచ్చింది. తప్పులు పాతి పాతి చేతులు పాడైపోయేట్టున్నాయి," అన్నాడు క్లీట్.

నేను ఎల్లిస్ వైపు చూశాను. ఆయన ముఖంలో ఆశ్చర్యం ఇసుమంత కూడా లేదు.

"నీకు తెలుసా?" అన్నాను.

"రెండో రాయికే తెలిసింది." కర్రతో రాతి మొదలు చూపించాడు. "మూడు చదును రాళ్ళు చుట్టూ దోపి, మట్టి ఎడమ చేత్తో కుదిస్తాడు వీడు. ఆ కుదింపు నేర్పిందే నేను. నాకు తెలియకుండా పోతుందా?"

"మరి తెలిసి కూడా ఎందుకు నడిచావయ్యా ఇంత దూరం?"

ఎల్లిస్ వెళ్ళి అరుగు మీద, క్లీట్ పక్కన కూర్చుని, మోకాలు నెమ్మదిగా చాపుకున్నాడు.

"వీడు పదకొండు మైళ్ళ పొడుగునా పిలుస్తూనే ఉన్నాడు కదే," అన్నాడు. "రాకుండా ఎలా ఉంటాను?"

క్లీట్ కప్పులో కాఫీ పోశాడు, సగం కింద పోసుకున్నాడు. "ఎవడో ఊరూ పేరూ లేనివాడు పీకే కంటే నేను పీకడం మేలనుకున్నాన్రా. అందులో ప్రతి మేకూ మనం కొట్టిందే. ఒక్కోటి తీసి పక్కన పెట్టాను, ఒక్కటీ విసిరెయ్యలేదు."

"ఆ ముక్క అప్పుడే చెప్పి ఏడవొచ్చుగా!"

"చెప్పనిచ్చావా? బల్లలు గుద్దావు."

"ఆ బల్ల కాలు ఇప్పటికీ ఊగుతోంది," అన్నాను నేను. ముగ్గురం నవ్వాం. నవ్వు ఆగాక ఎల్లిస్ చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నాడు. నేను నది వైపు చూశాను.

క్లీట్ భోజనానికి మా ఇంటికి వచ్చాడు. మా ట్రక్కు వెనకే తన ట్రక్కు. రోడ్డు మీద దిగిన దగ్గర నుంచీ ఇద్దరూ వాదించుకుంటున్నారు. పుచ్చకాయలు యాభై ఎనిమిదిలోనా యాభై తొమ్మిదిలోనా అని. "ఈ పిడి నా సుత్తిదిరా, నువ్వెప్పుడు కొట్టేశావు?" అని క్లీట్ కర్ర లాక్కుని దాని చివర తన గుర్తు వెతుకుతున్నాడు. నేను ట్రక్కులోంచి బుట్ట తీసి, అలవాటుగా బెల్టు కోసం చెయ్యి చాపాను. చేతికి ఏమీ తగల్లేదు.

ఎల్లిస్ ఎనిమిదో మెట్టు మీద ఉన్నాడు. "యాభై ఎనిమిదేరా! ఆ ఏడే వంతెనకి రంగు వేశాం," అంటూ ఎక్కుతున్నాడు. చేతిలో కర్ర లేదు. పదకొండు, పన్నెండు. పదమూడో మెట్టు మీది బకెట్టుని కాలితో పక్కకి తోశాడు, మాట మాత్రం ఆపలేదు. క్లీట్ నా వైపు చూసి నోరు తెరవబోయాడు. నేను వేలు పెదాల మీద పెట్టాను. అలా కింద నిలబడి ఇరవయ్యారు దాకా లెక్కపెట్టాను. పై మెట్టు మీద వెనక్కి తిరిగి, "ఏంటి, ఇద్దరూ అక్కడే కాపురం పెడతారా? ఆకలేస్తోంది," అన్నాడు.

చిక్కుళ్ళు, మొక్కజొన్న రొట్టె, ఆ వారమే కాచిన ఆపిల్ గుజ్జు బల్ల మీద పెట్టాను. ఎల్లిస్ తల వంచి ప్రార్థన చేశాడు.

"ప్రభువా, ఈ రొట్టె కోసం స్తోత్రం. ఈ చిక్కుళ్ళ కోసం స్తోత్రం. ఈ దొంగ వెధవని బల్ల దగ్గరికి తిరిగి తెచ్చినందుకు స్తోత్రం. వెర్నా తన బైబిల్లో దాచిన బ్రాంట్‌వుడ్ కాగితాన్ని పొయ్యిలో పడేసే బుద్ధి ఆమెకి ప్రసాదించు. ఆమెన్."

"ఆమెన్," అన్నాడు క్లీట్ గట్టిగా.

ఆ వేసవంతా మా ఆయన్ని నేనే ఆడిస్తున్నాననుకున్నాను. నాకు కోపం రావాల్సింది. రాలేదు. లేచి వెళ్ళి కాగితం తెచ్చి పొయ్యిలో పడేసి, అది పూర్తిగా కాలేదాకా అక్కడే నిలబడ్డాను, ఏడుస్తున్నట్టు వాళ్ళకి కనబడకుండా.

వెనక్కి తిరిగేసరికి ఎల్లిస్ తన కుర్చీని ఎత్తి కిటికీ వైపు తిప్పుకుంటున్నాడు. క్లీట్ కూడా తనది పక్కకి లాక్కున్నాడు. కింద కట్ట మీద సాయంత్రపు ఎండ ఇంకా ఉంది. దూరంగా ఎర్ర టోపీ ఒకటి వస్తోంది.

"చూడు, కొట్టకుండా పోతుంది," అన్నాడు క్లీట్.

"కొడుతుంది," అన్నాడు ఎల్లిస్.

ఇద్దరూ చేతిలో చెంచాలు పట్టుకుని, ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆ అమ్మాయి కూత కంబం దగ్గరికి వచ్చింది. కింద నుంచి గంట వినబడింది. రెండు పొడుగు, ఒక పొట్టి, మళ్ళీ ఒక పొడుగు.

ఎల్లిస్ తల ఊపాడు.